రెండో భాగం

మొదటి భాగం మీరు వినే ఉంటారు.
స్వర్ణముఖిని ఒక్క గుక్కలో తాగేసిన ఏరుమింగుడు,
చంద్రగిరి గుట్టమింద ఏడు రాత్రుల యుద్ధం,
రణకేతు కత్తి, దొర్లిన తలకాయ, పూలు, జేజేలు.
అక్కడికి కథ అయిపాయెనని
దివిటీలార్పి అందరూ ఇండ్లకు పొయ్యిరి.

పీనుగను ఎవురూ చూసుకోలేదు.

తొండవాడ మలుపు దాకా కాళ్ళు చాపుకోని పడుండాది.
మూడోనాటికి కోటలో రాణి అన్నం ముట్టలేదంట.
నాలుగోనాడు మా గుడిసెలకాడికి బంట్రోతు వచ్చినాడు,
ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోని, అల్లంత దూరంలో నిలబడి:
"పొన్నెమ్మా, ఈడ్చేయండి. రాజుగారి ఆనతి."
యుద్ధానికి పిలవనోళ్ళను
ఈడ్చేదానికి పిలుస్తారు. మాకు కొత్తేం కాదు.

నూటపదిమందిమి, నలబై ఎద్దులు. జానెడు కదల్లేదు.
కోసి మొయ్యాల్సిందే.
కడుపు కోస్తే ఏరు బయటికొస్తుందని
పిల్లోళ్ళు బిందెలతో వరసగా నిలబడినారు.
నీళ్ళు రాలేదు.
రాగిరేకు వచ్చింది.

నాకు చదువు రాదు. మా వదిన కూతురు దేశమ్మ చదివింది,
బడి గోడ బయట కూచోని విన్న అక్షరాలతో,
ఒక్కో మాట తడుముకుంటా:
"నీళ్ళు నీకు. ఇసక మాకు.
ఏరు ఎండినన్ని దినాలు ఈ ఒప్పందం చెల్లును."
కింద ఏడు ముద్రలు.
కరణం సింగరయ్యది మొదటిది.
కడపటిది రణకేతుది, యుద్ధానికి నెల ముందుది.

వాటాకాడ తగాదా వచ్చి చంపినాడా,
నిజంగానే మనసు మారి చంపినాడా,
రేకులో రాసి లేదు.

ఆ రాత్రే కరణం వచ్చినాడు, లాంతరు లేకుండా.
పుట్టి బుద్దెరిగి మా గడప తొక్కడం అదే మొదలు.
నేను పెట్టిన సంగటి తినలేదు గానీ
ముద్దను పక్కనే పెట్టుకోని కూచున్నాడు,
అదే పెద్ద మర్యాద అన్నట్టు.
"సభలో నీకొక పీట వేయిస్తాం పొన్నెమ్మా.
రేకు ఇచ్చెయ్. తోలు కాల్చెయ్."
రేకు ఇచ్చేసినాను. రాగి ఎట్లైనా కరిగేదే.
తోలును మాత్రం
తంగేడు పట్ట నీళ్ళలో నానబెట్టినాను.

పట్టాభిషేకం నెలన్నరకు పెట్టిరి.
ఏడు జతల చెప్పులు కావాల్నని కబురు.
"ఏం తోలే ఇది, వెన్న మాదిరుండాది?"
"కొండగొర్రెది సామీ."

ఏరును తాగిన తోలు ఏటి దోవ మరిచిపోదు.
మేళాల నడుమ కోశాధికారి కుడికాలు లేచింది.
ఆయన కూచోనే ఉండాడు, కాలు మాత్రం బయల్దేరె.
తర్వాత ఇంకొకరు, ఇంకొకరు,
పట్టుపంచెలు రేగి, పందిరి గుంజలు పట్టుకోని వేలాడినా
చెప్పులు వినలేదు.
ఒకాయన మామిడితోపులోకి, ఒకాయన సత్రం వెనక్కి,
ఎవరి ఇసకదిబ్బకాడికి వాళ్ళు.
కిరీటం జారకుండా పట్టుకోని
రాజు రంగంపేట దోవలో పొయ్యె, అరుస్తా.
జనం వెనకాలే.
నవ్వినాము. కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వినాము,
ఆ ఏడాది మాకు దొరికిన నీళ్ళు అవే.

ఇక్కడ ఆపితే మీకూ బాగుంటాది, నాకూ బాగుంటాది.

కానీ అంత ఇసక తనకు తానుగా నడిచిపోలేదు గదా.
ఎద్దుల మెడగంటలు విప్పి
రాత్రిళ్ళు బండ్లు తోలినోళ్ళు ఎవురు?
మా తమ్ముడు చెంగల్రాయుడు ఆ ఎండాకాలమే
చెవులకు బంగారు పోగులు కుట్టించుకున్నాడు.
అమ్మ మందుకు దుడ్లిచ్చిందీ వాడే.
ఎక్కడివిరా అని నేను అడగలేదు.

ఇంకొక జతకు తోలు మిగిలుండాది.
దీపం కింద పరిచి, ఆరె చేతిలో పట్టుకోని కూచున్నాను.
వాడి పాదం కొలిచే పనిలేదు.
చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ
ఒకటే కొలత.